చూపు తగ్గినవారికి ఫోన్ ఎంతవరకు తోడు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

దృష్టిలోపం ఉన్నవారికి ఉపయోగపడే సాధనాల గురించి అడగదలచిన విషయాలను రాసి పంపవలసిందిగా గత సంచికలో పాఠకులను కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం హైదరాబాద్ నుంచి వచ్చినవే, దాదాపు అన్నీ స్మార్ట్‌ఫోన్‌కు సంబంధించినవే. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి, కొన్నిటిని కుదించి ఇక్కడ ఇస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు. జవాబులు ఇస్తున్నది చూపులేనివారికి ఫోన్ వాడకం నేర్పే శిక్షకులు.

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61 సంవత్సరాలు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిని చూపు బాగా తగ్గిపోయింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది కాని ముఖం పోల్చుకోలేరు, అక్షరం చదవలేరు. స్మార్ట్‌ఫోన్ వాడలేకపోతున్నారని అది తీసేసుకొని మామూలు కీప్యాడ్ ఫోన్ ఇచ్చాము. ఇప్పుడు ‘మాట్లాడే కళ్లజోడు’ అని ప్రకటనలు వస్తున్నాయి. ధర చాలా ఎక్కువ. అయినా ఆయన కోసం కొందామనుకుంటున్నాము. కొనమంటారా?
– ఒక కుమారుడు, ఉప్పల్

జవాబు: ఇప్పుడే కొనకండి. అంతకంటే ముందు, ఆయన దగ్గర నుంచి తీసుకున్న స్మార్ట్‌ఫోన్‌ను తిరిగి ఆయన చేతికే ఇవ్వండి. ఈ మాట కొంచెం కటువుగా అనిపించవచ్చు. చూపు తగ్గిన మనిషి దగ్గర నుంచి ఇంటివారు మొట్టమొదట తీసేసుకునే వస్తువు ఫోనే అవుతున్నది. నిజానికి దాని అవసరం ఆయనకు ఎక్కువయ్యేది ఆ రోజు నుంచే.

ఆయనకు మిగిలిన చూపు ఎంత, ఎటువంటిది అన్నది ముందుగా తేల్చుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంధత్వాన్ని, మందదృష్టిని వేరువేరుగా నిర్వచించింది. సరైన అద్దాలు పెట్టుకున్న తర్వాత కూడా మెరుగైన కంటిలో చూపు 3/60 (మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనిపించేది 3 మీటర్ల దగ్గరికి వస్తేనే కనిపించడం) కంటే తక్కువగా ఉంటే అంధత్వం, 6/18 కంటే తగ్గి 3/60 వరకు ఉంటే మందదృష్టి. చూపు పరిధి కుదించుకుపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారికి పనికివచ్చే చూపు కొంత మిగిలినట్టే కనిపిస్తున్నది కాని, దాన్ని కొలిచి చెప్పవలసింది వైద్యులు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చికిత్సతో పాటు దృష్టి పునరావాస సేవలు కూడా ఉన్నాయి. ‘ఇక చేసేదేమీ లేదు’ అన్న మాట విని చాలా కుటుంబాలు ఆసుపత్రి మెట్లు దిగి ఇంటికి వచ్చేస్తాయి. చికిత్స చేయగలిగింది ముగిసినచోటే పునరావాసం మొదలవుతుందని ఆ కుటుంబాలకు ఎవరూ చెప్పరు.

మిగిలిన చూపుతో పని జరిగే అవకాశం ఉంటే ఫోన్‌లోనే అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు, నల్లని తెర మీద తెల్లని అక్షరాలు వచ్చేటట్టు మార్చుకోవచ్చు, కావలసిన భాగాన్ని మాత్రం పెంచి చూసుకోవచ్చు. ఇవి చాలనప్పుడు, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్. రెండూ 2009లోనే వచ్చాయి, రెండూ ఫోన్‌తో పాటే ఉచితంగా వస్తాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్నచోట ఉంటాయి. రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి కొన్ని సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ మొదలయ్యేటట్టు, మళ్లీ నొక్కితే ఆగేటట్టు అక్కడే అమర్చుకోవచ్చు. ఐఫోన్‌లో పక్క బటన్‌ను మూడుసార్లు నొక్కితే సరిపోయేటట్టు పెట్టుకోవచ్చు.

స్క్రీన్ రీడర్ నడుస్తున్నప్పుడు ఫోన్ నడక పూర్తిగా మారిపోతుంది. వేలు ఎక్కడ ఆనితే అక్కడ ఉన్నదాన్ని ఫోన్ పలుకుతుంది. తాకినంత మాత్రాన ఏదీ తెరుచుకోదు. కావలసినది వినిపించాక తెర మీద ఎక్కడైనా వెంటవెంటనే రెండుసార్లు తట్టాలి. వేలిని కుడివైపుకు విసిరితే తర్వాతి అంశానికి, ఎడమవైపుకు విసిరితే వెనకటి అంశానికి వెళుతుంది. పేజీని పైకీ కిందికీ జరపడానికి టాక్‌బ్యాక్‌లో రెండు వేళ్లు, వాయిస్‌ఓవర్‌లో మూడు వేళ్లు వాడాలి. ఈ తేడా తెలియక చూపున్న కుటుంబ సభ్యులు ఒకసారి తాకి చూసి, ‘ఫోన్ పాడైంది’ అనో ‘ఇది నాన్నగారి వల్ల కాదు’ అనో తీర్మానించి ఆపేస్తారు. చూపున్నవారికి కలిగే ఆ విసుగును చూపులేనివారి అశక్తతగా లెక్కకట్టడం అన్యాయం.

నేర్పేటప్పుడు ఫోన్ వచ్చినప్పుడు ఎత్తడం, పెట్టేయడం మొదట నేర్పండి. తర్వాత కాంటాక్ట్స్‌లో పేరు వెతికి కలపడం. అది చేతికి వచ్చిన తర్వాతనే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, ఆ తర్వాత మాటతో టైపు చేయడం. టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్స్‌లో తెలుగు గొంతును ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి, మొదట్లో వేగం బాగా తగ్గించండి. నా దగ్గర నేర్చుకున్నవారిలో విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు ఉన్నారు. పేర్ల వరుస మీద వేలిని మెల్లగా కిందికి జరుపుతూ, ఒక్కొక్క పేరూ వింటూ, మనవరాలి పేరు వినిపించినచోట ఆగి, ఊపిరి బిగబట్టి రెండుసార్లు తట్టారు. అవతల ఆ పిల్ల ‘తాతయ్యా, ఎవరు కలిపి ఇచ్చారు?’ అని అడిగింది. ‘నేనే కలిపాను’ అన్నారాయన. ఆ తర్వాత ఆయనకు నేర్చుకోమని ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇక కళ్లజోడు సంగతి. వాటిలో చాలా రకాలు చేసే పని ఒక కెమెరాతో ఫొటో తీసి, అందులోని అక్షరాలనో వస్తువులనో గుర్తించి, చెవికి వినిపించడం. ఆ పనిలో అధిక భాగం ఫోన్‌లోని ఉచిత యాప్‌లు కూడా చేస్తాయి. చేతులు ఖాళీగా ఉండటం కళ్లజోడులోని అసలు సౌకర్యం. అది చిన్నదేమీ కాదు. అయితే ఫోన్‌తో కొంతకాలం గడిపిన మనిషే తనకు ఆ సౌకర్యం ఎంత అవసరమో చెప్పగలడు. ప్రకటనలు అరచేతిలో వైకుంఠం చూపిస్తాయి. కొనే ముందు ఆ కళ్లజోడు తెలుగు అచ్చును చదువుతుందా, నెట్ లేనప్పుడు ఏమేమి చేస్తుంది, పాడైతే హైదరాబాద్‌లో బాగుచేసేవారు ఉన్నారా అన్న మూడు సంగతులు మీ నాన్నగారి సమక్షంలోనే అడిగి, ఆయన చేతనే వాడించి చూడండి.

ప్రశ్న: నేను దృష్టిలోపం ఉన్న డిగ్రీ విద్యార్థినిని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి వైపు కాలేజీకి వెళతాను. మహాలక్ష్మి పథకం కింద బస్సు ఉచితం కాబట్టి వీలైనంతవరకు బస్సులోనే వెళ్లాలని ఉంది కాని, వచ్చిన బస్సు ఏ నంబరుదో తెలియక అవస్థ పడుతున్నాను. ఫోన్ సాయంతో ఒంటరిగా ప్రయాణించడం సాధ్యమేనా? అమ్మకు చాలా భయం.
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సాధ్యమే అమ్మా. కాని ఫోన్ ఒక్కదానితో సాధ్యం కాదు. తెల్ల కర్రతో నడక నేర్చుకొని ఉండకపోతే ముందు అది నేర్చుకోండి. ఫోన్‌ది ఆ తర్వాతి స్థానం.

ఎందుకంటే ఆకాశం చక్కగా కనిపించే బయలులో సైతం స్మార్ట్‌ఫోన్‌లోని జీపీఎస్ మనిషి ఉన్నచోటును సుమారు 5 మీటర్ల తేడాతో చెబుతుంది. ఎత్తైన భవనాల మధ్య, ఫ్లైఓవర్ల కింద, మెట్రో వంతెన నీడలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మన నగరంలో 5 మీటర్లంటే రోడ్డుకు ఇవతలి పక్కో అవతలి పక్కో అన్న తేడా. ‘మీ గమ్యం చేరుకున్నారు’ అని మ్యాప్ చెప్పిన తర్వాత కాలేజీ గేటును వెతికేది కర్రే. తెరిచి ఉన్న డ్రైనేజీ మూత, ఫుట్‌పాత్ మీద నిలిపిన బండి, మధ్యలో పాతిన కరెంటు స్తంభం ఏ మ్యాప్‌లోనూ ఉండవు. నడుము, ఛాతీ ఎత్తులో వచ్చే అడ్డంకులు మామూలు కర్రకు తగలవు. వాటిని అల్ట్రాసోనిక్ తరంగాలతో పసిగట్టి పిడి కంపించేటట్టు చేసే స్మార్ట్‌కేన్ అనే పరికరాన్ని ఢిల్లీ ఐఐటీలో రూపొందించారు. అది 2014లో అందుబాటులోకి వచ్చింది. కర్రకు పైన బిగించుకునే ఈ పరికరం 3 మీటర్ల దూరం వరకు అడ్డంకులను పట్టగలదు.

బస్సు విషయానికి వద్దాం. ఆర్టీసీ వారి గమ్యం యాప్ 2023లో వచ్చింది. బస్సు ఎక్కడి దాకా వచ్చిందో టాక్‌బ్యాక్‌తో వినవచ్చు. ‘వస్తున్నది’ అని తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. అసలు చిక్కు, ఒకదాని వెనక ఒకటిగా మూడు బస్సులు వచ్చి ఆగినప్పుడు మీకు కావలసినది ఏది అన్నది. ఫోన్ కెమెరాను బోర్డు వైపు పట్టి చదివించమని కొందరు సలహా ఇస్తారు. వెలుగు చుక్కలతో ఏర్పడే నంబరు బోర్డులు కెమెరాకు తునకలు తునకలుగా కనిపిస్తాయి. బస్సు కదులుతూ ఉంటుంది. ఫోన్ చదివి చెప్పేలోపు బస్సు వెళ్లిపోతుంది. దీనికి సరైన పరిష్కారం బస్సే తన నంబరును పలకడం. ఢిల్లీ ఐఐటీ వారే ఆన్‌బోర్డ్ అనే పద్ధతిని తయారుచేశారు. ప్రయాణికుడు తన దగ్గరి చిన్న పరికరం మీద మీట నొక్కితే దగ్గరలోని బస్సుల నంబర్లు వినిపిస్తాయి. కావలసిన బస్సును ఎంచుకుంటే దాని తలుపు దగ్గరి స్పీకర్ మోగి దారి చూపిస్తుంది. మన ఆర్టీసీ కూడా ఇటువంటి ఏర్పాటు చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది. అంతవరకు, యాప్‌లో బస్సు దగ్గరికి వచ్చిందని విన్న వెంటనే పక్కనున్నవారిని ‘ఫలానా నంబరు బస్సు వస్తే చెప్తారా?’ అని ముందుగానే నంబరు చెప్పి అడగండి. బస్సు ఆగాక ‘ఇదేం బస్సు?’ అని అడిగితే జవాబు వచ్చేలోపు కండక్టర్ రైట్ చెప్పేస్తాడు. ఎక్కిన తర్వాత దిగవలసిన స్టాపు పేరు కండక్టర్‌కు ఒకసారి చెప్పి, మ్యాప్‌లో మీరూ గమనించుకుంటూ ఉండండి.

సమయానికి చేరవలసిన రోజున, ముఖ్యంగా పరీక్షల రోజున, మెట్రో మేలు. స్టేషన్ల పేర్లు తెలుగులో కూడా వినిపిస్తాయి. మీరు ఎంజీబీఎస్ తర్వాత వచ్చే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగవచ్చు. వాట్సాప్‌లో కొనే క్యూఆర్ టికెట్‌ను గేటు దగ్గరి గాజుకు ఎదురుగా సరిగ్గా పట్టడం చూపులేనివారికి కష్టం. స్మార్ట్ కార్డు తీసుకోండి, తాకిస్తే చాలు.

నడిచేటప్పుడు రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. మీకు రోడ్డు కనిపించేది చెవులతోనే. ఒక చెవికి మాత్రమే పెట్టుకోండి, లేదా చెవిని మూయకుండా దవడ ఎముక ద్వారా శబ్దాన్ని పంపే రకం వాడండి. ఒక చేతిలో కర్ర, మరో చేతిలో ఫోన్ పట్టుకొని నడవవద్దు. ఫోన్‌కు తాడు కట్టి మెడలో వేసుకోవడం క్షేమం. అమ్మ భయం తగ్గడానికి ప్రయాణం సాగినంతసేపు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపండి. అయితే అది మీరు పంపేదిగా, మీరు ఆపగలిగేదిగా ఉండాలి. రోజంతా కాపలా కాసే సాధనంగా దాన్ని మార్చవద్దని అమ్మగారికి నా మనవి.

ప్రశ్న: నాకు చూపు లేదు. మెహదీపట్నంలో చిన్న దుకాణం నడుపుతున్నాను. కొత్త నోట్లు వచ్చినప్పటి నుంచి 100, 200, 500 తేడా తెలియడం లేదు. ఫోన్‌తో డబ్బు చెల్లించామని కొందరు చెప్పి వెళ్లిపోతున్నారు, తీరా చూస్తే జమ కావడం లేదు. ఏమి చేయాలి?
– ఒక చిరు వ్యాపారి

జవాబు: నోట్ల విషయంలో మీ ఇబ్బందికి కారణం స్పష్టం. కొత్త వరుసలో ఈ మూడు నోట్ల ఎత్తు ఒక్కటే, 66 మిల్లీమీటర్లు. పొడవు 100 నోటుకు 142, 200 నోటుకు 146, 500 నోటుకు 150 మిల్లీమీటర్లు. అంటే ఒక్కొక్క నోటుకూ తేడా 4 మిల్లీమీటర్లు మాత్రమే. పక్కపక్కన పెట్టి కొలిస్తే తెలుస్తుంది కాని, బేరం మధ్యలో ఒక్క నోటు చేతికి వచ్చినప్పుడు తెలియదు. వేలితో తడిమి గుర్తించడానికి 100 నోటు మీద త్రిభుజం, 500 నోటు మీద వృత్తం ఉబ్బెత్తుగా ముద్రించారు. అంచుల దగ్గర ఏటవాలు గీతలు 100, 200 నోట్లకు నాలుగేసి, 500 నోటుకు ఐదు ఉంటాయి. 200 నోటుకు ఆ గీతల మధ్య రెండు చిన్న వృత్తాలు కూడా ఉంటాయి. కొత్త నోటుకు ఇవి బాగానే తెలుస్తాయి. నాలుగు చేతులు మారి, చెమటకు తడిసి మెత్తబడిన నోటుకు తెలియవు. పరిమాణంలో ఇంకాస్త తేడా పెట్టి ఉంటే దేశంలోని చూపులేనివారందరికీ ఈ బాధ తప్పి ఉండేది.

రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న మణి అనే యాప్‌ను విడుదల చేసింది. కెమెరా ముందు నోటు పట్టుకుంటే విలువ చెబుతుంది. నోటు సగానికి మడిచి ఉన్నా, ఏ వైపు చూపించినా గుర్తిస్తుంది. నెట్ అవసరం లేదు. అయితే నోటు అసలుదో నకిలీదో మాత్రం చెప్పదు, ఆ సంగతి గుర్తుంచుకోండి. దుకాణంలో వెలుతురు వచ్చేచోట నిలబడి, నోటును జానెడు దూరంలో పట్టుకొని అలవాటు చేసుకోండి. గల్లాపెట్టెలో విలువను బట్టి అరలు వేరు చేసి, నోటు గుర్తించిన వెంటనే దాని అరలో పెట్టేస్తే చిల్లర ఇచ్చేటప్పుడు మళ్లీ వెతుక్కోవలసిన పని ఉండదు.

యూపీఐ విషయంలో కట్టుబాటు ఒక్కటే పెట్టుకోండి: సౌండ్‌బాక్స్ పలికితేనే డబ్బు వచ్చినట్టు. కొనుగోలుదారు ఫోన్ ‘సక్సెస్’ అని మోగినా, పక్కవారు ‘పచ్చ గుర్తు వచ్చింది’ అన్నా లెక్కలోకి తీసుకోవద్దు. ఆ శబ్దాన్ని, ఆ బొమ్మను దొంగ యాప్‌లు కూడా చూపిస్తాయి. సౌండ్‌బాక్స్ సిమ్ నెట్‌వర్క్ మీద నడుస్తుంది కాబట్టి సిగ్నల్ బాగా అందేచోట పెట్టండి. ఆలస్యమైతే మీ ఫోన్‌లో బ్యాంకు ఖాతాను టాక్‌బ్యాక్‌తో వినండి. మీరు ఎవరికైనా పంపేటప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకొని, అవతలివారి పేరు, మొత్తం విన్న తర్వాతే పిన్ కొట్టండి. టాక్‌బ్యాక్ మెనూలో తెరను కనిపించకుండా చేసే సదుపాయం ఉంది. అది పెట్టుకుంటే మీ భుజం మీదుగా చూసేవారికి ఏమీ కనిపించదు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. ‘డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి’ అన్నవాడు మోసగాడే.

ప్రశ్న: ఫొటో తీస్తే ఎదురుగా ఏముందో వివరించి చెప్పే యాప్‌లు వచ్చాయంటున్నారు. వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? మా అత్తగారు తన మందులు తానే చూసుకోవాలని పట్టుబడుతున్నారు.
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: అత్తగారి పట్టుదల మంచిది, దానికి మీరు తోడు నిలవండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వారి లుక్‌ఔట్, మైక్రోసాఫ్ట్ వారి సీయింగ్ ఏఐ ఉచితంగా దొరుకుతాయి. అచ్చు అక్షరాలు చదవడం, సరుకుల పొట్లాలను గుర్తించడం, దృశ్యాన్ని వివరించడం వీటి పని. డెన్మార్క్‌లో మొదలై 2015లో విడుదలైన బీ మై ఐస్ తీరు వేరు. మీట నొక్కితే మీ భాష తెలిసిన స్వచ్ఛంద సేవకులకు వీడియో కాల్ వెళుతుంది, వారు మీ కెమెరా ద్వారా చూసి చెబుతారు. 2023 నుంచి అందులో కృత్రిమ మేధ చేసే వర్ణన కూడా ఉంది.

చొక్కా రంగు, ఫ్రిజ్‌లో ఏమున్నాయి, పెళ్లి ఫొటోలో ఎవరు ఎటు నిలబడ్డారు వంటి విషయాలకు ఈ వర్ణనలు ఎంతో బాగుంటాయి. తప్పినా పెద్ద నష్టం లేదు. కృత్రిమ మేధలోని అసలు ప్రమాదం, తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెప్పడం. చూపున్న మనిషి ఆ తప్పును వెంటనే పట్టుకుంటాడు, చూపులేని మనిషికి ఆ అవకాశం లేదు. అందువల్ల రోడ్డు దాటడానికి, మందు పేరు తేల్చుకోవడానికి దాని మాట ఒక్కదాన్నే ఆధారం చేసుకోకూడదు. మందుల షీటు మెరుస్తుంది, వంకరగా ఉంటుంది, సగం చింపితే పేరే ఉండదు. మందులు ఇంటికి రాగానే మీరు ఒకసారి చదివి, పొద్దుటి డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి డబ్బాకు రెండు వేయండి. ఇక రోజూ తీసుకోవడమంతా ఆమెదే. దేశంలో 300 ఔషధ బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ లేదా బార్‌కోడ్ తప్పనిసరి అయింది. ఆ కోడ్‌ను చదివించగలిగితే పేరు, బ్యాచ్, గడువు తేదీ తెలుస్తాయి. అనుమానం వచ్చిన రోజున మీకో, మందుల దుకాణానికో వీడియో కాల్ చేయడం మేలు.

మరొక సంగతి: టాక్‌బ్యాక్, మణి యాప్ నెట్ లేకున్నా పనిచేస్తాయి. దృశ్య వర్ణనలు, వీడియో కాల్స్ పనిచేయవు. నెలాఖరున డేటా అయిపోయినప్పుడు ఆగిపోయే పనుల మీద నిత్యావసరాలు ఆధారపడకుండా చూసుకోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం వారు పంపే తెలుగు పీడీఎఫ్‌లను ఫోన్ అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలుగా చదువుతున్నది. కొన్ని పత్రికల పీడీఎఫ్‌లు కూడా అంతే. నా ఫోన్‌లో లోపమా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: మీ ఫోన్‌లో ఏ లోపమూ లేదు. మన డీటీపీ కేంద్రాలలో ఏళ్ల తరబడి వాడుతున్న అను వంటి పాత ఫాంట్లలో తెలుగు రూపం కంటికి మాత్రమే ఉంటుంది, లోపల దాగి ఉన్నవి ఇంగ్లిష్ కీలకు చెందిన సంకేతాలు. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదే చదువుతుంది. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉన్న యూనికోడ్‌లో టైపు చేసినదైతే చక్కగా తెలుగులో చదువుతుంది. నోటీసును కాగితం మీద ముద్రించి ఫొటో తీసి పంపితే అందులో అక్షరాలే ఉండవు, బొమ్మ మాత్రమే ఉంటుంది.

మీ చేతిలో ఉన్న ఉపాయం, ఆ ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి కంప్యూటర్‌లో డాక్స్‌తో తెరవడం, లేదా గూగుల్ లెన్స్‌తో చదివించడం. అచ్చు శుభ్రంగా ఉంటే చాలావరకు సరిగ్గా వస్తుంది. వత్తులు కిక్కిరిసిన చిన్న అక్షరాల దగ్గర తడబడుతుంది. సంఘం కార్యదర్శిని ఆ నోటీసును వాట్సాప్‌లో మామూలు మెసేజ్‌గా కూడా పంపమని అడగండి. ఆయనకు అది రెండు నిమిషాల పని. తెలుగు పత్రికలకు, ప్రచురణకర్తలకు కూడా ఇది నా విన్నపం: మీరు అచ్చువేసే ప్రతి పేజీకి యూనికోడ్ ప్రతి ఒకటి దాచి ఉంచండి. 2012 నాటి కాపీరైట్ సవరణ చూపులేనివారికి చదువుకోదగిన రూపంలో పుస్తకాలను మార్చడానికి అనుమతి ఇచ్చింది. అదే ఉద్దేశంతో కుదిరిన మర్రాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. 2016లో సుగమ్య పుస్తకాలయం అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా ఏర్పడింది. దారులన్నీ తెరిచి ఉండగా ఫాంటు దగ్గర తెలుగు ఆగిపోవడం బాధాకరం.

ప్రశ్న: పూర్తిగా చూపులేని సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఒక బ్యాంకు యాప్‌లో ఖాతా తెరవబోతే ‘ముఖాన్ని వృత్తంలో ఉంచి కళ్లు ఆర్పండి’ అన్నది. ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు. శాఖకు వెళితే ‘ఎవరినైనా తోడు తెచ్చుకోండి’ అన్నారు. చట్టం ఏమంటుంది?
– ఒక ఉద్యోగి, మాదాపూర్

జవాబు: చట్టం మీ వైపు ఉంది. యాసిడ్ దాడికి గురైన ఒక మహిళ, చూపులేని ఒక న్యాయవాది వేసిన పిటిషన్ల మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసి, ఖాతాదారు ఎవరో ధ్రువీకరించుకునే కేవైసీ ప్రక్రియను దివ్యాంగులకు అనువుగా మార్చడానికి 20 ఆదేశాలు జారీ చేసింది. మనిషి ఎదుట ఉన్నాడని రుజువు చేసుకోవడానికి కళ్లు ఆర్పడం కాక వేరే మార్గాలు కూడా ఉండాలన్నది వాటిలో ఒకటి. కాగితాల మీద కేవైసీ చేసుకునే వీలు కొనసాగాలని కూడా ఆ తీర్పు చెప్పింది.

అంతకుముందు 2024 నవంబర్ 8న ఇచ్చిన మరో తీర్పులో, అందుబాటు ప్రమాణాలను కేవలం సూచనలుగా వదిలేసిన 2017 నాటి నిబంధన చట్టానికి విరుద్ధమని, తప్పనిసరి ప్రమాణాలు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టుకు ఆధారంగా నిలిచిన నివేదికను తయారుచేసింది మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారి దివ్యాంగుల అధ్యయన కేంద్రం. హైదరాబాద్ వారికి ఇది గర్వించదగిన విషయం.

మీరు చేయవలసినది: యాప్ పేరు, తేదీ, ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో రాసి బ్యాంకుకు ఈమెయిల్ పంపండి. శాఖలో నోటిమాటగా చెప్పినది లెక్కలోకి రాదు. తెరను రికార్డు చేసి జతచేస్తే టాక్‌బ్యాక్ ఏమి పలికిందో వారే వింటారు. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా రాయవచ్చు. 2016 చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. తోడు తెచ్చుకోమన్న సలహాను మాత్రం ఒప్పుకోవద్దు. మీ ఖాతా రహస్యాలు తోడువచ్చినవారికి తెలియవలసిన అవసరం లేదు.

ప్రశ్న: మేము గచ్చిబౌలిలో చిన్న స్టార్టప్ నడుపుతున్నాము. మా యాప్ చూపులేనివారికి పనికిరావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ముగ్గురు మిత్రులు

జవాబు: మీ యాప్ తెరిచి, టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకొని ఒక ఆర్డర్ చివరిదాకా పెట్టి చూడండి. బుట్ట బొమ్మ దగ్గర, వెనక్కి వెళ్లే బాణం దగ్గర ‘లేబుల్ లేని బటన్’ అని వినిపిస్తే అక్కడ మొదలుపెట్టండి. ఒక్కొక్క బొమ్మకు వివరణ రాయడం ఒక్క వరుస కోడ్. తాకే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర మీది కొలత) ఉండాలి, అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5కు 1 ఉండాలి, ఓటీపీ గడువు స్క్రీన్ రీడర్‌తో మెసేజ్ విని తిరిగి వచ్చేటంత ఉండాలి. గూగుల్ వారి యాక్సెసిబిలిటీ స్కానర్ ఉచితంగా తప్పులు చూపిస్తుంది. డిజిటల్ సేవలు దివ్యాంగులకు అందుబాటులో ఉండటానికి రూపొందించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 17802ను ముందు పెట్టుకోండి. ఇవన్నీ చేసిన తర్వాత స్క్రీన్ రీడర్ రోజూ వాడే ఇద్దరు ముగ్గురిని పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి పరీక్షించమని కోరండి. ఆ పనిని ఉచిత సేవగా అడగవద్దు. కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించండి. నిన్నటి దాకా పలికిన బటన్ అప్‌డేట్ తర్వాత మూగబోవడం మా విద్యార్థుల నుంచి తరచుగా వినే ఫిర్యాదు.